బ్రహ్మకమలం విచ్చుకునే రాత్రికి కెమెరా ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: అన్నా, మాది రాజమండ్రి, డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నా. మావయ్య దగ్గర కేనన్ 1500డీ తీసుకున్నా, 18-55 లెన్సుతో సహా. పోయిన వారం పుష్కర్ ఘాట్లో కూర్చుని గోదావరి మీద సూర్యాస్తమయం టైమ్‌ల్యాప్స్ తీద్దామని పది సెకన్లకో ఫొటో చొప్పున చేత్తో బటన్ నొక్కుతూ 240 ఫొటోలు తీశాను. కలిపి చూస్తే వీడియో పది సెకన్లు కూడా రాలేదు, పైగా పాడైపోయిన ట్యూబ్‌లైట్ లాగా మిణుకు మిణుకుమంటోంది, రంగులు మధ్యలో మారిపోతున్నాయి, పడవలు నడవట్లేదు గెంతుతున్నాయి. ఇప్పుడు మా ఇంట్లో బ్రహ్మకమలం మొగ్గ వేసింది, ఇంకో వారం పది రోజుల్లో పూస్తుంది అంటోంది అమ్మ. ఇది కూడా పోగొట్టుకుంటే మళ్ళీ వచ్చే ఏడాదే. ఏం కొనాలి, ఏం సెట్టింగులు పెట్టాలి చెప్పన్నా.

సమాధానం: తమ్ముడూ, ముందు ఒక మాట, 240 సార్లు చేత్తో నొక్కుతూ నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నావు చూడు, ఈ పనికి అన్నిటికన్నా ముందు కావాల్సింది ఆ ఓపికే, అది నీకుంది. మిగిలినవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. గోదావరి వీడియోలో ఏం జరిగిందో ముందు అర్థం చేసుకుందాం, ఎందుకంటే అక్కడ జరిగిన తప్పే పువ్వు దగ్గర కూడా జరుగుతుంది, అసలు కారణం ఒక్కటే.

మామూలుగా ఫొటో తీసేటప్పుడు కెమెరా మనకి చాలా సాయం చేస్తుంది, ఎంత వెలుగు కావాలో అదే చూసుకుంటుంది, రంగు అదే సరిచేస్తుంది, ఫోకస్ అదే వెతుక్కుంటుంది. ఒక్క ఫొటోకి అది మంచిదే. కానీ టైమ్‌ల్యాప్స్ అంటే ఒకే ఫొటోని వందల సార్లు తియ్యడం అనుకో, ప్రతిసారీ కెమెరా కొత్తగా ఆలోచించుకుని ఇప్పుడు కొంచెం ఎక్కువ వెలుగు, ఇప్పుడు కొంచెం తక్కువ, ఇప్పుడు కొంచెం నీలం, ఇప్పుడు కొంచెం పసుపు అని నిర్ణయాలు మార్చుకుంటూ పోతే వాటిని సెకనుకి 25 చొప్పున తిప్పినప్పుడు అదంతా మిణుకులా కనిపిస్తుంది. నీ ఫ్రేములోకి ఒక తెల్ల పడవ వచ్చిందంటే కెమెరా ఓహో వెలుగు ఎక్కువైంది అనుకుని తగ్గించేస్తుంది, పడవ వెళ్ళిపోగానే మళ్ళీ పెంచుతుంది. కాబట్టి నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, షూట్ మొదలయ్యాక కెమెరా ఒక్క నిర్ణయం కూడా తీసుకోకూడదు, అన్నీ నువ్వు ముందే తీసేసుకుని తాళం వేసెయ్యాలి, ఆ తర్వాత మారేది ఎదురుగా ఉన్న పువ్వు ఒక్కటే అవ్వాలి.

వీడియో చిన్నదైపోవడం లెక్క తప్పడం వల్ల. సెకనుకి 25 ఫ్రేములు అంటే 240 ఫొటోలకి 9.6 సెకన్లు, అంతే వస్తుంది. అందుకే ఎప్పుడూ వెనక నుంచి లెక్క వేసుకోవాలి, నాకు ఎన్ని సెకన్ల వీడియో కావాలి, దాన్ని 25తో గుణిస్తే ఎన్ని ఫొటోలు, ఆ సంఘటన ఎంతసేపు జరుగుతుంది, దాన్ని ఫొటోల సంఖ్యతో భాగిస్తే ఎన్ని సెకన్లకో ఫొటో. బ్రహ్మకమలం రాత్రి ఏడింటికి కదలడం మొదలుపెట్టి పదకొండున్నరకి పూర్తిగా విచ్చుకుంటుంది అనుకుందాం, నాలుగున్నర గంటలు అంటే 16,200 సెకన్లు, 30 సెకన్లకో ఫొటో తీస్తే 540 ఫొటోలు, దాదాపు 22 సెకన్ల వీడియో. 20 సెకన్లకో ఫొటో అయితే 810, అప్పుడు 32 సెకన్లు. నేనైతే 20 పెట్టుకోమంటాను, ఎందుకంటే ఎక్కువున్న ఫ్రేములు తర్వాత తీసెయ్యొచ్చు, ఒకటి విడిచి ఒకటి వాడుకోవచ్చు, లేని ఫ్రేములు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు. మేఘాలైతే రెండు మూడు సెకన్లు, నెమ్మదిగా కదిలేవైతే ఐదారు, నక్షత్రాలకి పాతిక ముప్పై, గింజ మొలకెత్తడానికి ఐదు పది నిమిషాలు, ఇలా ఎదురుగా ఉన్నదాని వేగాన్ని బట్టే ఇంటర్వెల్.

ఏం కొనాలి అన్నావు కదా. తప్పకుండా కావాల్సింది ఒకటే, ఇంటర్వెలోమీటర్, అంటే నువ్వు చెప్పినన్ని సెకన్లకోసారి తనే బటన్ నొక్కే రిమోట్, టైమర్ రిమోట్ అని అడిగినా ఇస్తారు. కొన్ని కెమెరాల్లో ఇది లోపలే ఉంటుంది కానీ నీ 1500డీలో లేదు, పక్కన రబ్బరు మూత కింద రిమోట్ సాకెట్ ఉంటుంది చూడు, అందులో పట్టే 2.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్నది తీసుకో. కంపెనీదే అక్కర్లేదు, బయట దొరికేవి చాలు. కాకపోతే ఒక చిన్న తిరకాసు ఉంది, కొన్ని రిమోట్లు ఒక ఫొటో మొదలు నుంచి తర్వాతి ఫొటో మొదలు వరకు లెక్క పెడతాయి, కొన్ని ఫొటో అయిపోయాక అక్కడి నుంచి లెక్క పెడతాయి, అందుకని కొన్న రోజే పది ఫొటోలు తీసి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నీది ఏ రకమో చూసుకో.

రెండోది కరెంటు సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేనూ మొదట్లో పట్టించుకోలేదు, మా పెద్దమ్మ వాళ్ళింట్లో పువ్వు సగం విచ్చుకున్నాక బ్యాటరీ అయిపోయింది, మార్చి మళ్ళీ పెట్టాను కానీ ఫ్రేము రెండు మిల్లీమీటర్లు జరిగింది, వీడియోలో సరిగ్గా అక్కడ పువ్వు ఎగిరి పక్కన పడ్డట్టు ఉంటుంది. ఇప్పటికీ ఆ చోటు రాగానే నాకు మనసులో కలుక్కుమంటుంది. నీ కెమెరాలో బ్యాటరీ, కార్డు రెండూ కింద ఒకే మూతలో ఉంటాయి, ట్రైపాడ్ ప్లేటు ఆ మూతకి అడ్డం పడుతుంది, అంటే బ్యాటరీ మార్చాలంటే కెమెరాని ట్రైపాడ్ మీద నుంచి దింపాల్సిందే, దింపాక మళ్ళీ అదే చోట పెట్టడం జరగని పని. అందుకని డమ్మీ బ్యాటరీ అని దొరుకుతుంది, బ్యాటరీ ఆకారంలోనే ఉండి దానికో వైరు, ఆ వైరు చివర అడాప్టరు, గోడకి పెట్టేస్తే ఎన్ని గంటలైనా నడుస్తుంది. నీది ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ, దానికి సరిపోయే డమ్మీ అని అడుగు. ఆ అడాప్టరుని ఇన్వర్టరు మీద ఉన్న ప్లగ్గులో పెట్టు, వానాకాలం రాత్రి కరెంటు పోదని ఎవరూ మాటివ్వలేరు. ఇన్వర్టరుకి మారేటప్పుడు ఒక్క క్షణం సప్లై తెగే ఇళ్ళు కూడా ఉంటాయి, ముందు రోజే మెయిన్ ఆపి కెమెరా ఆరిపోతుందో లేదో ఒకసారి చూడు, ఆరిపోతుంటే మోడెమ్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్ కాదు, కంప్యూటర్ యూపీఎస్ ఎవరిదైనా ఒక రాత్రికి అడిగి తెచ్చుకో. డమ్మీ కొనే వీలు లేకపోతే కనీసం కొత్త బ్యాటరీ ఫుల్ చార్జ్ చేసి, ఫొటో తీశాక స్క్రీన్ మీద చూపించే ఇమేజ్ రివ్యూ ఆపేసి, లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీసే పద్ధతి) వాడకుండా నడిపించు, అయినా 810 ఫొటోలు ఒక్క బ్యాటరీతో వస్తాయని నేను నమ్మి కూర్చోను, ఇంటర్వెల్ 40 సెకన్లకి పెంచేసి 400 ఫొటోలతో సరిపెట్టుకుంటాను. పదహారు సెకన్ల వీడియో, తక్కువేం కాదు.

ట్రైపాడ్ గురించి పెద్దగా చెప్పను, ఉన్నదే చాలు, మధ్య రాడ్డు పైకి లేపకు, ఇటుకలు గానీ నీళ్ళ సీసాలు గానీ సంచిలో వేసి కింద హుక్కుకి వేలాడదియ్యి, కెమెరా మెడపట్టీ తీసెయ్యి. ట్రైపాడ్ కాళ్ళు ఎక్కడున్నాయో నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసుకో, ఎవరి కాలైనా తగిలితే కనీసం ఎక్కడికి తేవాలో తెలుస్తుంది.

ఇప్పుడు పువ్వు. మన ఇళ్ళల్లో బ్రహ్మకమలం అని పెంచేది నిజానికి కాక్టస్ జాతి మొక్క, మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది, ఆకు గుచ్చితే బతుకుతుంది, ఆ ఆకు అనేది కూడా అసలు కాండమే. హిమాలయాల్లో ఉండే బ్రహ్మకమలం వేరు, ఉత్తరాఖండ్ వాళ్ళ రాష్ట్ర పుష్పం అది. కానీ సాయంత్రం నుంచి పక్కింటివాళ్ళు కూడా వచ్చి చాపలు వేసుకుని మొక్క చుట్టూ కూర్చుని ఎదురుచూసేది మాత్రం దీనికోసమే, నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంకా అవ్వలేదు పడుకోండి అంటే ఒక్క పిల్లాడు కూడా కదిలేవాడు కాదు. ఎంత చూసినా అది విచ్చుకోవడం కంటికి కనపడదు, చూస్తే కదలదు, కాసేపు చూపు తిప్పి చూస్తే ఇంకాస్త తెరుచుకుని ఉంటుంది. ఆ కనపడని కదలికే నీ కెమెరాకి దొరుకుతుంది, అందుకే ఈ పువ్వుని మించిన సబ్జెక్టు ఇంట్లో ఇంకోటి లేదని నా అభిప్రాయం. 1910లోనే ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ అనే ఆయన ఇలాగే పువ్వులు విచ్చుకోవడాన్ని సినిమా రీలు మీద తీసి జనానికి చూపించాడు, మన చేతిలో ఉన్న వసతుల్లో పదో వంతు కూడా లేని రోజుల్లో.

ఏ రాత్రి పూస్తుందో కనిపెట్టడం మొదటి పని. మొగ్గ మొదట కిందికి వేలాడుతుంది, రోజులు దగ్గరపడేకొద్దీ దాని మెడ వంపు తిరిగి కొన పైకి లేస్తుంది, ఏనుగు తొండం ఎత్తినట్టు. చివరి రోజు మొగ్గ బాగా ఉబ్బి తెల్లగా కనిపిస్తుంది, చుట్టూ ఉండే ఎర్రటి సన్న రేకులు వదులవుతాయి, సాయంత్రం ఐదారింటికి కొన దగ్గర చిన్న సందు కనిపిస్తే ఇక ఆ రాత్రే. అందుకని అప్పుడు పరిగెత్తి సెటప్ చేసే పని పెట్టుకోకు, మొగ్గ మెడ లేవడం మొదలుపెట్టినప్పుడే కుండీని లోపలికో, గాలి తగలని వరండా మూలకో మార్చెయ్యి. డాబా మీద వద్దు, పిల్లగాలికి కూడా ఆకు ఊగుతుంది, వీడియోలో పువ్వు వణుకుతూ ఉంటుంది. ఆ ఆకుని మొగ్గకి ఒక జానెడు పైన ఒక కర్రకి మెత్తటి దారంతో కట్టు, మొగ్గ కాడని మాత్రం కట్టకు, అది తిరగాలి. గదిలో ఫ్యాన్ ఆపాలి, నాలుగున్నర గంటలు ఫ్యాన్ లేకుండా అంటే ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించుకో.

ఫ్రేమింగ్‌లో అందరూ చేసే పొరపాటు మొగ్గని చూసి ఫ్రేము పెట్టడం. నువ్వు ఇంకా పుట్టని పువ్వుకి చోటు ఉంచాలి. విచ్చుకున్నాక జానెడు వెడల్పు వస్తుంది, వెనక కాడ కూడా కలిస్తే జానెడున్నర పొడవు, పైగా విచ్చుకుంటూ కొంచెం పైకి, ముందుకి జరుగుతుంది. లెన్సు జూమ్ 35 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి మీటరు దూరంలో నిలబెడితే ఫ్రేములో ఇంచుమించు 60 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది, ఖాళీ చాలా ఉన్నట్టు అనిపిస్తుంది, ఉండనీ. నీ కెమెరా ఫొటో 6000 పిక్సెళ్ళ వెడల్పు, 4కే వీడియోకి 3840 చాలు, అంటే తర్వాత 40 సెంటీమీటర్ల వరకు దగ్గరికి కోసుకున్నా క్వాలిటీ పోదు. వీడియో 16:9 కాబట్టి పైనా కిందా కొంత పోతుందని కూడా గుర్తుంచుకో. ముందు నుంచి కాకుండా పక్కకి కాస్త ఏటవాలుగా పెట్టు, నేరుగా ఎదురుగా పెడితే రేకులు నీ వైపు వస్తున్నాయని తెలియదు, మరీ పక్క నుంచి పెడితే లోపలి కేసరాలు కనపడవు. వెనక నల్ల దుప్పటి ఒకటి, మొక్కకి కనీసం మూడు నాలుగడుగుల దూరంలో, ముడతలు కనపడకుండా.

లెన్సు మీద ఏఎఫ్ నుంచి ఎంఎఫ్‌కి స్విచ్ మార్చు, పక్కనే ఉన్న స్టెబిలైజర్ స్విచ్ కూడా ఆపెయ్యి, ట్రైపాడ్ మీద అది ఉంటే కొన్నిసార్లు ఫ్రేము మెల్లగా జారుతుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి చూసి ఫోకస్ చెయ్యి, ఎక్కడ అంటే మొగ్గ కొనకి కాదు, మొగ్గ ఉబ్బుగా ఉన్న మధ్య భాగానికి. విచ్చుకునేటప్పుడు రేకులు ముందుకీ వెనక్కీ సమానంగా తెరుచుకుంటాయి కాబట్టి మధ్యలో పెడితే రెండు వైపులా సరిపోతుంది. మీటరు దూరంలో 35 దగ్గర ఎపర్చర్, అంటే లెన్సు లోపల వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 8 పెడితే పాతిక సెంటీమీటర్ల లోతు వరకు స్పష్టంగా వస్తుంది, పువ్వంతా అందులో ఇమిడిపోతుంది. ఫోకస్ అయ్యాక ఫోకస్ రింగుకీ జూమ్ రింగుకీ కాగితపు టేపు వేసెయ్యి, లైవ్ వ్యూ ఆపెయ్యి, ఇక దాని జోలికి వెళ్ళకు.

ఎఫ్ 8 అన్నాను కానీ దానిలో ఒక సంగతి ఉంది. మన లెన్సులు చూసేటప్పుడు పూర్తిగా తెరుచుకుని ఉండి, ఫొటో తీసే క్షణంలో మాత్రం లోపలి ఆకులు ముడుచుకుని ఎఫ్ 8కి వచ్చి మళ్ళీ తెరుచుకుంటాయి. ప్రతిసారీ అవి వెంట్రుకవాసి తేడాతో ముడుచుకుంటాయి, ఒక్క ఫొటోలో ఎవరికీ తెలియదు కానీ వరుసగా తిప్పితే సన్నటి మిణుకు కనపడుతుంది. నువ్వు అన్నీ మాన్యువల్‌లో పెట్టి కూడా ఇదేంటి ఇంకా మిణుకుతోంది అని తల పట్టుకునేది ఇక్కడే. దీనికి మందు పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌తో తియ్యడం, అప్పుడు ఆకులు కదలవు. మేఘాలకీ గోదావరికీ అదే చెయ్యి, దూరంగా ఉన్నవాటికి లోతు సమస్య రాదు. పువ్వుకి మాత్రం పూర్తిగా తెరిస్తే లోతు సగానికి పడిపోయి అంచు రేకులు మసకబారతాయి, అందుకని ఇక్కడ ఎఫ్ 8తోనే తీసి ఆ సన్న మిణుకుని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసెయ్యడమే మేలు అంటాను.

లైటు. ఒక ఎల్‌ఈడీ బల్బు చాలు, నేరుగా పువ్వు మీదకి కాకుండా పక్కన తెల్ల గోడకో థర్మకోల్ షీటుకో కొట్టి దాని వెలుగు పడేలా పెట్టు. రాత్రి పూసే పువ్వు కాబట్టి గది అంతా పట్టపగల్లా చెయ్యకు. చవక ఎల్‌ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 100 సార్లు ఆరి వెలుగుతుంటాయి, కంటికి తెలియదు కానీ షట్టర్ (ఒక్కో ఫొటోకి వెలుగు లోపలికి వచ్చే సమయం) వేగంగా ఉంటే ఒక ఫొటో వెలుగ్గా ఒకటి చీకటిగా వస్తుంది, అందుకని షట్టర్ నెమ్మదిగా పెట్టడం మంచిది. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలనే అంకె) 400, ఎఫ్ 8, షట్టర్ 1 సెకను దగ్గర మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసి సరిచేసుకో. తెల్ల పువ్వు కదా, మొగ్గగా ఉన్నప్పుడు సరిపోయిన వెలుగు విచ్చుకున్నాక తెల్లగా పేలిపోతుంది, అందుకని మొదట్లో కాస్త చీకటిగానే ఉంచు. బల్బు కూడా ఇన్వర్టరు లైన్ మీదే ఉండాలి. కిటికీలోంచి వీధిలైటు, వచ్చే పోయే బళ్ళ లైట్లు పడకుండా కర్టెన్ వేసెయ్యి. ఇంకోటి, వానాకాలంలో లైటు వేస్తే ఉసిళ్ళు వస్తాయి, ఒక్కటి లెన్సు ముందుకొచ్చి వాలినా పది ఫ్రేములు పోతాయి, వంటింట్లోనో పెరట్లోనో ఇంకో పెద్ద లైటు వేసి ఉంచితే చాలావరకు అటు పోతాయి.

కెమెరాలో మోడ్ డయల్ ఎం మీద ఉండాలి. ఐఎస్‌ఓ ఆటో తీసెయ్యాలి. వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి, నీ గోదావరి వీడియోలో రంగు మారింది దీనివల్లే. ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ అని మెనూలో ఒకటి ఉంటుంది, అది నీకు చెప్పకుండా ఒక్కో జేపెగ్ వెలుగుని ఒక్కోలా సవరిస్తుంది, దాన్ని ఆపెయ్యి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపెయ్యి, అది ఉంటే నెమ్మది షట్టర్‌తో తీసే ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు కెమెరా ఇంకో చీకటి ఫొటో తీసుకుంటూ బిజీగా ఉండిపోతుంది. ఆటో పవర్ ఆఫ్ డిజేబుల్ చెయ్యి. ఫొటోలు రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా సవరించకుండా దాచే అసలు ఫైలుగా, తియ్యి, 810 ఫొటోలు 20 జీబీ పైచిలుకు వస్తాయి కాబట్టి 32 జీబీ కార్డు ఖాళీది ఫార్మాట్ చేసి పెట్టుకో. ఫైల్ నంబరింగ్ కూడా రీసెట్ చేసుకో, ఫొటో నంబరు 9999 దాటితే కొత్త ఫోల్డరులో మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది, ఎడిటింగ్‌లో వరుస తెగుతుంది.

మీ అమ్మగారితో ఒక మాట ముందే మాట్లాడుకో తమ్ముడూ. పువ్వు పూసే రాత్రి పూజ చేస్తారు, చెయ్యాలి కూడా, ఆవిడ ఏడాదంతా నీళ్ళు పోసి పెంచింది. కానీ మధ్యలో హారతి ఇస్తే ఆ కర్పూరం వెలుగుకి నాలుగైదు ఫ్రేములు తెల్లబారిపోతాయి, అగరొత్తి పొగ ఫ్రేములోకి వస్తుంది, పక్కింటివాళ్ళు ఫోన్ ఫ్లాషుతో ఫొటోలు తీస్తారు. పదకొండు దాటాక, పూర్తిగా విచ్చుకున్నాక పూజ పెట్టుకుందాం అని అడుగు, ఒప్పుకుంటారు. ఆ పూజని కూడా కెమెరా ఆపకుండా అలాగే తియ్యి, పాతిక ముప్పై ఫ్రేముల్లో మనుషులు వచ్చి వెలుగు వెలిగించి వెళ్ళిపోతారు, నా దగ్గరున్న వాటిల్లో మా పెద్దమ్మ చెయ్యి కనిపించే ఆ ఒక్క సెకనే నాకు అన్నిటికన్నా ఇష్టం. వీలైతే కెమెరాని తెల్లారేదాకా వదిలెయ్యి, పువ్వు మెల్లగా ముడుచుకుని వాలిపోవడం కూడా వస్తుంది, రాత్రంతా కరెంటు మీద నడుస్తుంది కాబట్టి కార్డులో చోటు ఒక్కటే చూసుకోవాలి, దానికి 64 జీబీ కావాలి.

ఎడిటింగ్‌కి దావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ సరిపోతుంది. రా ఫొటోలకి ఒక్కదానికి కలర్ సరిచేసి అదే అన్నిటికీ పెట్టేసి జేపెగ్‌లుగా మార్చుకో, ఆ ఫోల్డరు రిజాల్వ్‌లో తెరిస్తే నంబర్లు వరుసగా ఉన్న ఫొటోలన్నీ ఒకే క్లిప్‌గా కనిపిస్తాయి. మధ్యలో పాడైన ఫొటో ఏదైనా తీసేస్తే అక్కడ వరుస తెగి రెండు క్లిప్పులవుతుంది, అందుకని తీసేశాక అన్నిటికీ మళ్ళీ కొత్త నంబర్లు ఇచ్చుకో. ఎపర్చర్ మిణుకు తియ్యడానికి రిజాల్వ్‌లో డీఫ్లికర్ ఉంది కానీ అది డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే, ఫ్రీగా కావాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో డీఫ్లికర్ ఫిల్టర్ ఉంది, ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఈ పనికోసమే తయారైంది.

గోదావరి సంగతి కూడా రెండు ముక్కలు చెప్పేస్తా, మళ్ళీ వెళ్తావు కదా. పడవలు గెంతడానికి కారణం షట్టర్ మరీ వేగంగా ఉండడం, ఇంటర్వెల్ మరీ ఎక్కువ ఉండడం. 1/500లో తీస్తే ప్రతి పడవా రాయిలా గడ్డకట్టి ఉంటుంది, పది సెకన్ల తర్వాత ఫొటోలో ఎక్కడో తేలుతుంది. ఇంటర్వెల్ 4 సెకన్లకి తగ్గించి షట్టర్ అందులో సగం, అంటే 2 సెకన్లు పెడితే పడవ కాస్త చెరిగినట్టు వచ్చి కదలిక నునుపుగా ఉంటుంది, నీళ్ళు పట్టులా వస్తాయి. వెలుగులో 2 సెకన్లు పెట్టాలంటే లెన్సు ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ ఉండాలి, 1/500ని 2 సెకన్లు చెయ్యాలంటే ఎన్‌డీ 1000, చీకటి పడేకొద్దీ అది తీసెయ్యాల్సి వస్తుంది, తీస్తే ఫ్రేము కదులుతుంది. అందుకని మొదటిసారి ఫిల్టర్ జోలికి పోకుండా ఎపర్చర్ పూర్తిగా తెరిచి, సూర్యుడు మునగడానికి ఇరవై నిమిషాల ముందు మొదలుపెట్టి మునిగాక ఇరవై నిమిషాల వరకు ఒకే మాన్యువల్ సెట్టింగ్‌తో, 4 సెకన్లకో ఫొటో చొప్పున తియ్యి, 600 ఫొటోలు, 24 సెకన్లు. మన దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువునా దిగుతాడు, మునిగాక ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి కమ్ముకొచ్చేస్తుంది, ఆ చీకటి పడడాన్ని అలాగే చీకటిగా వదిలెయ్యి, కొవ్వూరు వైపు ఆకాశం ఎర్రబడి ఆరిపోతూ ఆర్చి బ్రిడ్జి నల్లటి గీతలా మిగలడం చాలు. పగటి నుంచి పూర్తి రాత్రి వరకు ఒకే వీడియోలో తియ్యడం అంటే వెలుగు పది పదిహేను స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమైనట్టు) పడిపోతుంది, మధ్యమధ్యలో చేత్తో షట్టర్ మార్చుకుంటూ పోయి తర్వాత ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్‌లో ఆ మెట్లని చదును చెయ్యాలి, అది పువ్వు తీశాక నేర్చుకుందువు.

ఇప్పటికి చెయ్యాల్సింది, రిమోట్ రాగానే ఇవాళో రేపో రాత్రి ఇదే కుండీ ముందు, ఇదే లైటుతో, ఇదే ఇంటర్వెల్‌తో ఒక గంట ఉత్తినే నడిపించి చూడు, 180 ఫొటోలు వస్తాయి, వాటిని వీడియో చేసి మిణుకు, వణుకు ఎక్కడెక్కడ ఉందో పట్టుకో. మొగ్గని పక్క నుంచి ఒక ఫొటో తీసి పంపు, మెడ ఎంత లేచిందో చూసి ఇంకెన్ని రోజులు పట్టొచ్చో నాకు తోచింది చెప్తాను.